సెప్టెంబర్ 17కి ఎన్ని పేర్లు?

1948 సెప్టెంబర్ 17న నిజాం ఏలుతున్న హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయింది. ఆ రోజును తలుచుకుంటూ 2022 సెప్టెంబర్ 17 పొద్దున హైదరాబాద్‌లో రెండు చోట్ల రెండు ప్రభుత్వాలు ఒకే జెండా ఎగరేశాయి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఎగరేసింది ‘హైదరాబాద్ విమోచన దినం’ జెండా. పబ్లిక్ గార్డెన్స్‌లో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఎగరేసింది ‘జాతీయ సమైక్యతా దినం’ జెండా. కమ్యూనిస్టులు ఎప్పటిలాగే సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుకున్నారు. మజ్లిస్ నాయకుడు అసదుద్దీన్ ఒవైసీ ‘విమోచన’ వద్దు, ‘సమైక్యత’ అనండి అని ముందే ఉత్తరాలు రాసి, పాతబస్తీలో మూడు రంగుల జెండాలతో మోటారు సైకిళ్ల ఊరేగింపు తీశారు. రెండేళ్లు తిరిగాక 2024లో కేంద్రం ఆ రోజును ఏటా విమోచన దినంగా జరపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. అదే ఏడు రాష్ట్రంలో కొత్తగా వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం ‘ప్రజాపాలన దినోత్సవం’ అని ఇంకో పేరు పెట్టింది. ఎవరి మనసూ నొప్పించని పేరు అది. ఆ రోజు ఏం జరిగిందో కూడా చెప్పని పేరు.

ఇళ్లలో వాడే మాటలు వేరు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు ‘రజాకార్ల లొల్లి’ అంటారు (నిజాం రాజ్యం నిలబెట్టడానికి మజ్లిస్ కూర్చిన సాయుధ దళం రజాకార్లు), ఆ తర్వాత ‘యూనియన్ మిల్ట్రీ వచ్చింది’ అంటారు. పాతబస్తీలో పాతకాలం ముస్లిం కుటుంబాల్లో దాన్ని ‘సుఖూతే హైదరాబాద్’ అంటారు, అంటే హైదరాబాద్ పతనం. సర్కారీ కాగితాల్లో ‘పోలీస్ యాక్షన్’. ట్యాంకులు వచ్చాయి, విమానాలు బాంబులు వేశాయి, ఒక మేజర్ జనరల్ ఇంకో మేజర్ జనరల్‌కు లొంగిపోయాడు. అయినా అది పోలీసుల పనే. పరాయి రాజ్యం మీదికి దండెత్తామన్న మాట రాకూడదని, ఇది ఇంటి విషయమని లోకానికి చెప్పుకోవాలని ఆ పేరు పెట్టుకున్నారు. అప్పటికే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి తలుపు తట్టి ఉంది మరి.

ముస్లిం రాజుల పాలన మీద ఈ దేశంలో హిందువులకూ ముస్లింలకూ మధ్య నడిచే తగవుల్లో చాలావాటికి సాక్షులు లేరు. నాలుగైదు వందల ఏళ్ల కిందటి శాసనాలతో, శిథిలాలతో వాదించుకోవాల్సిందే. హైదరాబాద్ సంగతి అలా కాదు. చూసినవాళ్లు మొన్నమొన్నటి దాకా మన మధ్యే ఉన్నారు. అయినా తగవు తెగలేదు. ఎందుకంటే రెండు వైపులా అబద్ధం చెప్పేవాళ్లకంటే సగం నిజం చెప్పేవాళ్లే ఎక్కువ. ఒకరి జ్ఞాపకం పదిహేడో తారీఖుతో ఆగిపోతుంది. ఇంకొకరి జ్ఞాపకం ఆ తారీఖుతోనే మొదలవుతుంది.

పదిహేడుకు ముందు

హైదరాబాద్ సంస్థానం చిన్నదేం కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు కలిసి కోటీ అరవై లక్షల పైచిలుకు జనం. అందులో ముస్లింలు ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. రాజు ముస్లిం. పాలనా భాష ఉర్దూ. పెద్ద కొలువుల్లో, పోలీసులో, ఫౌజులో ముస్లింలే ఎక్కువ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంగ్లిషును పక్కనపెట్టి ఒక దేశభాషలో పైచదువులు చెప్పింది. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలోనే. నిజంగా గొప్ప సాహసం. కానీ సంస్థానంలో ఎక్కువమందికి ఆ దేశభాష తమ భాష కాదు. నిజాం అభిమానులకు ఈ రెండో ముక్క గుర్తుండదు, నిజాంను తిట్టేవాళ్లకు మొదటి ముక్క గుర్తుండదు.

సభ పెట్టుకోవాలంటే అనుమతి. గస్తీ నిషాన్ 53 అని ఒక సర్క్యులర్ ఉండేది, దాని పేరు చెప్పి గ్రంథాలయ సభలను కూడా ఆపేవారు. గుడి కట్టాలన్నా, పాతది బాగుచేయాలన్నా సర్కారు మంజూరీ కావాలి. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడిన విద్యార్థులను వందల సంఖ్యలో బయటికి పంపారు. పి.వి. నరసింహారావు నాగ్‌పూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది అందుకే. అదే కాలంలో ఆర్యసమాజం పెద్ద సత్యాగ్రహం నడిపింది. దీన్నంతా ‘మామూలు రాచరికం, అందరికీ ఒకేలా ఉండేది’ అని కొట్టిపారేయడం కుదరదు.

దానికి తోడు అనల్ మాలిక్. ‘నేనే ప్రభువును’ అని అర్థం. మజ్లిస్‌ను బలపరిచిన బహదూర్ యార్ జంగ్ ప్రచారం చేసిన సిద్ధాంతం ఇది: రాజ్యాధికారం ఒక్క నిజాంది మాత్రమే కాదు, సంస్థానంలోని ప్రతి ముస్లింకూ అందులో వాటా ఉంది. రిక్షా తొక్కుకునే పేద ముస్లింకు ఈ మాట ఎంత మత్తు ఎక్కించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ పూట అన్నం లేకపోయినా రాజే. ఆ పక్క ఇంటి హిందువుకు అది ఎలా వినిపించి ఉంటుందో కూడా ఊహించుకోవచ్చు. 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయిన కొన్నాళ్లకు మజ్లిస్ పగ్గాలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాయి. రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో జనం బురుజు మీద నగారా పెట్టుకుని, కాపలా కాసుకుని, రెండు మూడు సార్లు దాడిని తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఫౌజుతో కలిసి వచ్చారు. ఆ ఒక్కరోజే తొంభై మందికి పైగా చనిపోయారు. బురుజు ఇప్పటికీ ఉంది. ఆ ఊరివాళ్ల ముందు నిలబడి ‘విమోచన అనకండి, ఆ మాట మతతత్వం’ అని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

ఎవరి నుంచి?

అయితే విమోచన అనగానే ‘ఎవరి నుంచి’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ముస్లిం పాలన నుంచి అని కొందరు, నిజాం నుంచి అని కొందరు, దొరల నుంచి అని కొందరు. దారం ముడిపడింది ఇక్కడే.

నిజాం రాజ్యంలో దాదాపు మూడో వంతు భూమి జాగీర్ల కింద ఉండేది. మిగతాచోట రైతు నెత్తిన కూర్చున్నది దేశ్‌ముఖ్, పటేలు, పట్వారీ. తెలంగాణలో ఈ దేశ్‌ముఖులు ముఖ్యంగా హిందువులు, అందులోనూ రెడ్లు, వెలమలు, కొద్దిమంది బ్రాహ్మణులు. వెట్టి చేయించుకున్నది, చాకలి ఐలమ్మ పంట మీదికి మనుషుల్ని తోలింది విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చింది ఆ గడీ మనుషులే. అదే దేశ్‌ముఖ్ ఇలాకాలో అంతకు చాలా ముందే భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, దారికాచి చంపబడ్డ రైతు ఒకడున్నాడు. పేరు షేక్ బందగీ. తెలంగాణ రైతు పోరాటం తన తొలి అమరుల్లో ఒకడిగా ఒక ముస్లింను తలుచుకుంటుంది, తొలి విలన్‌గా ఒక హిందూ దొరను చూపిస్తుంది. ‘హిందువులను ముస్లింలు పీడించిన కథ’ అని చెప్పాలంటే వీళ్లిద్దరినీ కథలోంచి తీసేయాలి. తీసేస్తున్నారు కూడా.

పైస్థాయిలోనూ ఇంతే. మహారాజా కిషన్ పర్షాద్ రెండుసార్లు ప్రధానమంత్రిగా చేశాడు. నగర కొత్వాలుగా రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పద్నాలుగేళ్లు ఉన్నాడు. ఆఖరికి సంస్థానం చివరి ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో, అంటే రజాకార్లు రాజ్యమేలుతున్న రోజుల్లో, ఉపప్రధాని పింగళి వెంకటరామారెడ్డి. అదే మంత్రివర్గంలో దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు విద్యామంత్రి. ఇంకో దళిత నాయకుడు శ్యాంసుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నాడు.

ఈ చివరి రెండు పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. వీళ్లను అమ్ముడుపోయినవాళ్లని తేలిగ్గా అనేస్తుంటారు. కానీ వాళ్ల లెక్క వేరు. ఊళ్లో తమ చేత వెట్టి చేయించేది, బావి దగ్గరికి రానీయనిది, గుడి మెట్లు ఎక్కనీయనిది నిజాం కాదు. ఢిల్లీ రాజ్యం వస్తే అదే దొరలు ఖద్దరు కట్టుకుని వస్తారని వాళ్ల అనుమానం. ఆ అనుమానంతో రజాకార్ల పక్కన కూర్చోవడం తప్పు లెక్కే అని నేననుకుంటాను. అనుమానం మాత్రం తప్పు కాలేదు. యూనియన్ సైన్యం వెనకాలే గడీలు వదిలి పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు, కమ్యూనిస్టు సంఘాలు పేదలకు పంచిన భూములు లాక్కున్నారు. సైన్యం రజాకార్ల పని అయిదు రోజుల్లో ముగించింది. కమ్యూనిస్టు దళాల మీద, వాళ్లకు అన్నం పెట్టిన పల్లెల మీద మాత్రం మూడేళ్లు పోరాడింది. 1951 అక్టోబర్‌లో పార్టీ పోరాటం విరమించేదాకా అది సాగింది. అందుకే కమ్యూనిస్టుల నోట ‘విమోచన’ అన్న మాట సాఫీగా రాదు.

ముస్లింలలో కూడా అందరూ ఒక గట్టున లేరు. ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశాడు, రజాకార్లను కడిగేశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రికాఫీసు నుంచి ఇంటికి వస్తుంటే కాల్చి, చెయ్యి నరికారు. తెల్లారేలోపు ప్రాణం పోయింది. వయసు ముప్పై దాటలేదు. కవి మఖ్దూం మొహియుద్దీన్ కమ్యూనిస్టు పార్టీలో ఉండి నిజాం వారెంట్లకు తప్పించుకు తిరిగాడు. పాతబస్తీ రాజకీయం షోయబుల్లాను పెద్దగా తలచుకోదు. విమోచన సభలు తలచుకుంటాయి గానీ, ‘మంచి ముస్లిం’ అన్న ఫ్రేములో పెట్టి.

పదిహేడు తర్వాత

సెప్టెంబర్ 17 సాయంత్రం దక్కన్ రేడియోలో నిజాం లొంగుబాటు ప్రకటన వచ్చింది. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల ఆ రోజు పండుగ. కథ అక్కడికి ముగిసింది. కానీ సంస్థానం పడమటి వైపు, మరాఠీ, కన్నడ జిల్లాల్లో ఇంకో కథ అప్పుడే మొదలవుతోంది.

ఆ జిల్లాల నుంచి వచ్చే కబుర్లు విని నెహ్రూ ఒక చిన్న బృందాన్ని పంపాడు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరుల్లో తిరిగి చూసి నివేదిక ఇచ్చారు. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. చనిపోయినవాళ్లు ముఖ్యంగా ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. రజాకార్ల అకృత్యాలకు ప్రతీకారం ఇదని నివేదిక దాచలేదు. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులే లూటీల్లో, ఇంకా ఘోరాల్లో పాలుపంచుకున్నారనీ దాచలేదు. ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదవడానికి దొరికింది ఈ శతాబ్దంలోనే.

ఆ అంకెలు తక్కువని వాదించేవాళ్లున్నారు, ఎక్కువని వాదించేవాళ్లున్నారు. సగానికి సగం కొట్టేసినా అది చిన్న విషయం కాదు. మరి తెలుగువాళ్లలో దీని గురించి విన్నవాళ్లు ఇంత తక్కువెందుకు? దాచిపెట్టడం ఒక కారణం. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద కారణం భూగోళం. రజాకార్ల గుర్తులు మనకు నల్లగొండ, వరంగల్ ఊళ్లలో ఉన్నాయి. తర్వాతి చావులు ఎక్కువగా జరిగినచోటు 1956లో మహారాష్ట్రవైపు, కర్ణాటకవైపు వెళ్లిపోయింది. మన తాతలు చూడలేదు, మనకు చెప్పలేదు. చూసినవాళ్లు తప్పించుకుని హైదరాబాద్ నగరానికి వచ్చి ముస్లిం బస్తీల్లో తలదాచుకున్నారు, వాళ్ల పిల్లలకు చెప్పారు. ఒకే రాష్ట్రంలో పక్కపక్కన పెరిగిన ఇద్దరు పిల్లలు ఒకే సంవత్సరం గురించి రెండు వేరే కథలు వింటూ పెరిగారు. ఇద్దరి ఇళ్లలోనూ చెప్పింది జరిగిన సంగతే.

చావులు తప్పించుకున్నవాళ్లకు కూడా రాజ్యం కూలడం అంటే ఉత్త మాట కాదు. ఫౌజు రద్దయింది. 1949లో జాగీర్లు పోయాయి, వాటి మీద బతికే గుమాస్తాలు, నౌకర్లు, కవులు, వంటవాళ్లు వీధిన పడ్డారు. కచేరీల్లో ఉర్దూ వెనకబడింది, ఉస్మానియా ఇంగ్లిషుకు మారింది. చదువుకున్నవాళ్లలో చాలామంది కరాచీకి వెళ్లిపోయారు. అనల్ మాలిక్ అని నిన్నటిదాకా అనుకున్న రిక్షావాడు ఇక్కడే మిగిలాడు. రాజ్యంలో అతని వాటా ఎప్పుడూ లేదు, పోగొట్టుకున్నవాళ్ల జాబితాలో మాత్రం అతని పేరే ముందుంది. 1957లో రజ్వీ జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు, ఆ తర్వాత అబ్దుల్ వాహెద్ ఒవైసీ మజ్లిస్‌ను తిరిగి నిలబెట్టాడు. ఆ పార్టీ నిలబడ్డది ఈ కూలిన బస్తీల మీదే. ఇవాళ ‘రజాకార్ల వారసులు’ అన్న నింద ఆ పార్టీకి తప్పదు, మజ్లిస్ అన్న పేరు వదులుకోనన్నాళ్లూ తప్పదేమో కూడా. కానీ దానికి ఓటేసే మనిషిని రజాకారు అనడం వేరే సంగతి.

ఇక ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సంగతి. రజాకార్లే తనను బందీ చేసి రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకున్నారని ఆయన వారం తిరక్కముందే రేడియోలో చెప్పేశాడు. భారత ప్రభుత్వం నమ్మిందో, నమ్మినట్టు నటించిందో గానీ, 1950 నుంచి 1956 దాకా ఆయన్నే రాజప్రముఖ్‌గా, అంటే గవర్నరు లాంటి పదవిలో కూర్చోబెట్టింది, ఏటా 50 లక్షల రాజభరణం ఇచ్చింది. విమోచన అనేవాళ్లకు ఇది ఇరకాటం: ఎవరి నుంచి విడిపించారో ఆయన్నే పీట మీద కూర్చోబెడతారా? పతనం అనేవాళ్లకూ ఇరకాటమే: పడిపోయాడనుకున్న రాజు తన పేరుతో పోరాడినవాళ్లను చేతులు దులిపేసుకుని హాయిగా ఉన్నాడు. ఆయన కట్టించిన ఆసుపత్రి, హైకోర్టు, నిజాంసాగర్, గండిపేట చెరువు అందరికీ పనికొచ్చాయి. బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి విరాళమిచ్చాడు, పుణెలో భండార్కర్ సంస్థ అతిథి గృహం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇవన్నీ నిజమే, వీటిలో ఏదీ బైరాన్‌పల్లికి జవాబు కాదు. ఈ రెండు చిట్టాలను తూకం వేయడం మానేస్తే సగం వాదన తగ్గుతుంది.

అంతకు ముందు

1948 కోపం వెనక్కి పాకి, 1687 మీదా 1323 మీదా పడుతుంటుంది. ‘ఏడు వందల ఏళ్ల బానిసత్వం’ అని ఒక్క గుటకలో చెప్పేస్తారు. అటువైపు ‘గంగా జమునా తహజీబ్’, అంటే హిందూ ముస్లింల కలగలుపు సంస్కృతి, అని అంతే సులువుగా చెప్పేస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే రెండూ నిలవవు.

గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా ఉన్నాడు. కుర్రతనంలో విజయనగరంలో రామరాయల నీడన ఏడేళ్లు గడిపాడు, తెలుగు నేర్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడని పొగిడారు, అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యం అంకితం పుచ్చుకున్నది ఆయన దగ్గరి అధికారి అమీన్‌ఖాన్. ఇదే ఇబ్రహీం 1565లో తన్ను పెంచిన రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి వెళ్లాడు. 1579లో ఆయన సేన అహోబిలాన్ని దోచి, రత్నాలు పొదిగిన విగ్రహాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ సేనను నడిపినవాడు మురహరిరావు. బ్రాహ్మణుడు.

గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా కథ ఇంకా తిరకాసు. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్న. గోల్కొండ మీద ఔరంగజేబు కోపానికి ఈ బ్రాహ్మణ మంత్రుల పెత్తనం, శివాజీకి అందిన సాయం కూడా కారణాలు. 1686లో గోల్కొండ వీధిలో అన్నదమ్ములిద్దర్నీ చంపేశారు. మరుసటేడు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడింది. ముస్లిం రాజును ముస్లిం చక్రవర్తి దౌలతాబాదు కోటలో బందీగా పెట్టాడు, అక్కడే పోయాడు. భద్రాచలం గుడి కట్టిన కంచర్ల గోపన్నను ఈ తానీషాయే చెరసాలలో పెట్టాడు. కానీ భక్తుల నోళ్లలో నలిగిన కథ ఆయన్ని తిట్టదు. రామలక్ష్మణులు వచ్చి పైకం కట్టి రసీదు పుచ్చుకున్నప్పుడు, వాళ్ల దర్శనం రామదాసు కంటే ముందు తానీషాకే దొరికిందని చెప్పుకుంటుంది. శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనతోనే మొదలైందంటారు. ఇవాళ ఆ పళ్లెం ముఖ్యమంత్రి నెత్తిన ఉంటుంది.

తెలంగాణ రాజముద్ర కూడా ఇలాంటిదే. 2014లో తయారైన ఆ గుర్తులో కాకతీయ తోరణం, దాని కింద చార్మినార్. ఆ తోరణం వరంగల్ కోటలో స్వయంభూ శివాలయానిది. 1323లో ఢిల్లీ సేన ఆ గుడిని కూల్చింది, తోరణాలు మిగిలాయి. కూలిన గుడి ద్వారంలో ఇంకో ముస్లిం రాజు కట్టిన మినార్లు నిలబెట్టి, ఇదే మా గుర్తు అన్నారు. గీసినవాళ్లు ఇంత ఆలోచించారో లేదో గానీ, ఈ నేల చరిత్రకు ఇంతకంటే సరిపోయే బొమ్మ నేను చూడలేదు. 2024లో కాంగ్రెస్ ప్రభుత్వం తోరణాన్నీ చార్మినార్‌నూ రెండింటినీ తీసేద్దామని, ఇవి రాచరికపు గుర్తులని అంది. గొడవైంది, ఆగింది.

సరిహద్దుల అవతల సెప్టెంబర్ 17కి ఇంత లొల్లి లేదు. మహారాష్ట్రలో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం, ఏటా జెండా ఎగరేస్తారు. కర్ణాటకలో మొదట విమోచన దినమే, 2019లో కల్యాణ కర్ణాటక ఉత్సవమైంది. సుందర్‌లాల్ బృందం ఎక్కువ చావులు రాసుకున్న నాలుగు జిల్లాలూ ఆ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. వాటిలో గుల్బర్గా ఇప్పుడు కలబురగి. ఏడో నిజాం పేరు పెట్టుకున్న ఉస్మానాబాద్ ఇప్పుడు ధారాశివ్.